రంపం – రసమట్టం: ఇంటి ముందు చిన్న స్కేట్‌బోర్డు ర్యాంపు

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది నెల్లూరు వేదాయపాళెం. మా అబ్బాయికి 13 ఏళ్లు. ఏడాదిగా స్కేట్‌బోర్డు వదిలిపెట్టడం లేదు. మా వీధి సిమెంటు రోడ్డు మీద బాగానే తిరుగుతున్నాడు, ఇప్పుడు ర్యాంపు కావాలని పట్టుబట్టాడు. మిద్దె ఖాళీగానే ఉంది కదా, నాలుగు ఇటుకలు పేర్చి వాటి మీద ప్లైవుడ్ ముక్క ఆనిస్తే చాలంటాడు. మా ఆయన వద్దంటున్నారు, నాకేమో టెన్షన్. ఇలాంటిది ఇంట్లో చేయించుకోవచ్చా? ఎంత ఎత్తు, ఏ చెక్క, ఎంత ఖర్చు? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: చేయించుకోవచ్చమ్మా. మామూలు కార్పెంటర్ ఒకరు, వెల్డింగ్ షాపు ఒకటి ఉంటే రెండు రోజుల పని. కానీ మిద్దె మీద మాత్రం వద్దు. ఇటుకల మీద ఆనించిన చెక్క అసలే వద్దు.

ఆ చెక్క సంగతి ముందు చెప్పాలి. ఆరేళ్ల కిందట మా మేనల్లుడు ఇదే అడిగితే కావలిలో నా కొట్టులోనే ఒక వాలు చెక్క చేసిచ్చాను. 18 ఎం.ఎం. ప్లై, మూడడుగుల పొడవు, అడుగు ఎత్తు. అంచులు చిత్రిక పట్టి వార్నిష్ కూడా వేశాను. మొదటి సాయంత్రమే వాడు వేగంగా వచ్చాడు, ముందు చక్రాలు చెక్క మొదట్లో తగిలి బోర్డు ఆగిపోయింది, వాడు ఆగలేదు. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. చెక్క బలంగానే ఉంది, నున్నగానే ఉంది. కానీ నేల అయిపోయి వాలు మొదలయ్యే చోట ఒక మడత ఉంది, ఆ పైన 18 ఎం.ఎం. అంచు మెట్టులా నిలబడి ఉంది. స్కేట్‌బోర్డు చక్రం అడ్డంగా కొలిస్తే 52 ఎం.ఎం. ఉంటుంది, రెండంగుళాల పైన కొంచెం. అంత చిన్న చక్రానికి ఆ మెట్టు గోడతో సమానం. ఆ సంగతి నేను చెక్క కోయకముందే ఆలోచించాల్సింది.

తర్వాత మద్రాసు వెళ్లినప్పుడు పనిగట్టుకుని కోవళం పోయాను. అక్కడ సముద్రం దగ్గర పిల్లలు ఆడే సిమెంటు ర్యాంపులున్నాయి. ఒకదాని అడుగున కూర్చుని అరచెయ్యి నేల మీద పెట్టి మెల్లగా పైకి జరిపాను. నేల ఎక్కడ అయిపోయిందో చేతికి తెలియలేదు. మీ అబ్బాయికి కావలసింది అదే. ఎత్తు ఎంతైనా పరవాలేదు, తక్కువైతే ఇంకా మంచిది. ఆ మొదలు మాత్రం చేతికి తెలియకూడదు.

ఇక కొలతలు. ఎత్తు అడుగున్నర, వెడల్పు నాలుగడుగులు చాలు. వంపు మాత్రం ఆరడుగుల వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో ముక్క కావాలి. 18 ఎం.ఎం. ప్లైవుడ్ షీటు, అంటే ఎనిమిదడుగులు నాలుగడుగులది, నేల మీద పరవండి. షీటు కింది అంచు నేల అనుకోండి. వంపు మొదలయ్యే మూల నుంచి మూలమట్టం పెట్టి నిట్టనిలువుగా ఆరడుగులు కొలిచి, షీటు బయట ఇంకో చెక్క మీద మేకు కొట్టండి. ఆ మేకుకి ఒక రీపరు, అంటే సన్నటి పొడవాటి చెక్క పట్టీ, తగిలించి, ఆరడుగుల దగ్గర పెన్సిల్ కట్టి తిప్పాలి. కొందరు తాడుతో గీస్తారు. తాడు సాగుతుంది, రెండు పక్కలూ రెండు రకాలుగా వస్తాయి, రీపరే వాడండి.

గీత సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఈ లెక్క ఉంచుకోండి. మొదలు నుంచి అడుగు దూరంలో ఎత్తు ఒక్క అంగుళమే ఉంటుంది. రెండడుగుల దగ్గర 4 అంగుళాలు, మూడడుగుల దగ్గర 9 అంగుళాల 5 నూళ్లు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు), నాలుగడుగులకు కాస్త ముందే 18 అంగుళాలు. చూశారా, మొదటి అడుగులో లేచేది ఒక్క అంగుళం! కార్పెంటర్‌కి చెప్పకపోతే, అంత తక్కువ ఎందుకని ఆ అడుగు ముక్క కోసి పారేస్తాడు. ర్యాంపంతటికీ ప్రాణం ఆ అడుగే. దగ్గరుండి కోయించండి.

వంపుకి నాలుగడుగులు, దాని వెనక నిలబడే తిన్నెకి రెండడుగులు, మొత్తం పక్క పలక పొడవు ఆరడుగులు. అలాంటివి రెండూ ఒకే షీటులో వస్తాయి. ఒకదానికి అడుగున్నర, రెండిటికి మూడు. మిగిలిన అడుగు వెడల్పు పట్టీని నడిమికి కోస్తే నాలుగడుగుల ముక్కలు రెండు వస్తాయి, తిన్నె పైకప్పు వాటితోనే అయిపోతుంది. నాకు ఈ కోత చాలా ఇష్టం, చెక్క పెద్దగా వృథా కాదు.

రెండు పలకల మధ్య మూడంగుళాలు రెండంగుళాల అడ్డపట్టెలు, ఒక్కొక్కటి నాలుగడుగులకు అంగుళంన్నర తక్కువ, ఎనిమిదేసి అంగుళాలకు ఒకటి. తిన్నెతో కలిపి తొమ్మిది దాకా పడతాయి. వేప చెక్క దొరికితే మేలు. సరుగుడు మన సముద్రపు ఒడ్డంతా చౌకగా దొరుకుతుంది గానీ, పచ్చిది కోసి బిగిస్తే ఎండాకాలానికి మెలితిరిగి స్క్రూలు లాగేస్తుంది. బాగా ఆరిందైతేనే తీసుకోండి. మొదటి అడుగున్నరలో అడ్డపట్టెకి చోటే ఉండదు. అక్కడ బద్దలు చీల్చి, వంపుకి సరిపోయేలా చిత్రిక పట్టి, సందు లేకుండా నింపాలి. కార్పెంటర్లు బద్ధకించేది ఇక్కడే. ఖాళీ వదిలితే పైచెక్క నెలకే కుంగుతుంది.

పైన పరిచేది 6 ఎం.ఎం. ప్లై, రెండు పొరలు. 12 ఎం.ఎం. షీటు ఒక్కటే అయితే ఈ వంపుకి సరిగా లొంగదు, బలవంతంగా వంచితే పగుళ్లిస్తుంది. రెండు పల్చటి పొరలు ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తే తేలిగ్గా వంగుతాయి, బలమూ అంతే వస్తుంది. ఇంకా మొరాయిస్తే షీటు కింది వైపు, అంటే పట్టెల మీద ఆనే వైపు, తడి గోనెపట్టా వేసి గంటసేపు ఉంచండి. ఆరాకే రెండో పొర వేయాలి. స్క్రూ తలలన్నీ చెక్కలోకి దిగిపోవాలి. బిగించాక కళ్లతో చూసి ఊరుకోకండి, పాత మేజోడు ఒకటి చేతికి తొడిగి అంతా తడమండి. ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ స్క్రూ ఇంకా పైనే ఉంది.

ఇప్పుడు ఆ మొదలు. రెండు పొరలు కలిసి 12 ఎం.ఎం. మందం అవుతాయి కదా, అలాగే వదిలితే మళ్లీ నా పాత మెట్టే. వెల్డింగ్ షాపులో 3 ఎం.ఎం. ఇనప రేకు, నాలుగడుగుల పొడవు అడుగు వెడల్పుతో కోయించండి. తొమ్మిది కిలోల లోపే ఉంటుంది. పై పొరను కాస్త ముందే ఆపి, ఆ చోట రేకు అంచుని కింది పొర మీద కూర్చోబెట్టాలి. పై పొరకి రేకు సమానంగా రావడానికి కింద రెండు మూడు సన్మైకా ముక్కలు వేయండి. రేకు రెండో అంచు నేల మీద పడుకోవాలి. ఆ అంచుని ఆకురాయితో ఏటవాలుగా అరగదీయించండి, మూలలు గుండ్రంగా చేయించండి. అయ్యాక మీరే అరచెయ్యి పెట్టి పైకి జరిపి చూడండి. చేతికి తెలిస్తే పని ఇంకా అవ్వనట్టే.

పైన తిన్నె అంచున రెండంగుళాల జీఐ పైపు పెడతారు. పాత ఇనుము కొట్లలో బోర్ల నుంచి తీసిన పైపులు దొరుకుతాయి, నాలుగడుగుల ముక్క చాలు. తిన్నె కంటే రెండు నూళ్లు పైకి, వంపు కంటే రెండు నూళ్లు ముందుకి వచ్చేలా బిగిస్తే, బోర్డు అక్కడ ఆగుతున్నట్టు కాలికి తెలుస్తుంది. పైపు నోళ్లు మూయించడం మరిచిపోవద్దు. తెరిచి ఉన్న నోరు చర్మం కోస్తుంది, కందిరీగలు కూడా గూడు పెడతాయి.

ప్లై కొనేటప్పుడు ముద్ర చూడండి. ఐ.ఎస్. 303 ఉంటే మామూలు వాడకానిది, ఐ.ఎస్. 710 ఉంటే మెరైన్, అంటే నీటికి తట్టుకునేది. పక్క పలకలకి, పై పొరకి మెరైన్ తీసుకోండి, కింది పొర 303 అయినా నడుస్తుంది. పోయినసారి నేను చేసినప్పుడు కూలి కాకుండా సామానుకి ₹11,000 దాటింది. తగ్గించాలంటే పైపు మానేయండి, తిన్నె చిన్నది చేయండి. రేకు మాత్రం మానేయొద్దు.

మిద్దె ఎందుకు వద్దన్నానంటే, మీ పిట్టగోడ మూడడుగులుంటుందనుకుందాం. తిన్నె ఎత్తు అడుగున్నర. దాని మీద నిలబడిన పిల్లాడికి ఆ గోడ మోకాలి దాకే వస్తుంది. ఆ తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు. ఇంటి ముందో పెరట్లోనో కాంపౌండు గోడకి తిన్నె వెనక వైపు ఆనించి పెట్టండి. ముందు కనీసం ఇరవై అడుగుల నున్నటి గచ్చు ఉండాలి. పార్కింగ్ టైల్స్ గాళ్లకి బోర్డు అదురుతుంది. మీ గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే ర్యాంపుకి ముందు దాన్ని బాగు చేయించండి. రోజూ ఆటకి ముందు చీపురు పట్టడం మీ అబ్బాయి పని. చిన్న కంకర రాయి చక్రం కింద పడితే బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది.

హెల్మెట్ అంటే నాన్న బైకు హెల్మెట్ కాదు, అది బరువు, మెడ తిరగనివ్వదు. తల వెనక దాకా దిగే స్కేట్ హెల్మెట్ వేరే ఉంటుంది. మణికట్టు పట్టీలు, మోకాలి, మోచేతి చిప్పలు కూడా కొనండి. మణికట్టు పట్టీల గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీకు తెలుసు. మొదటి వారం పై నుంచి దిగనివ్వకండి. కింద నుంచి కొంచెం ఎక్కడం, అలాగే వెనక్కి దిగడం, అంతే. ఆ జారుడు ఒంటికి పట్టాక తిన్నె ఎక్కనివ్వండి.

ఇంకొక్కటి, మన వాన. నెల్లూరుకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ర్యాంపు మట్టి మీద ఉంటే ఆ మూడు నెలల్లో కింద చెమ్మ, ఆ వెనకే చెదలు. గచ్చు మీద కూడా పక్క పలకల కింద పల్చటి గ్రానైట్ పట్టీలు వేయండి, అవి వేసిన ఎత్తుకి తగ్గట్టు రేకు కోణం ముందే చూసుకోండి. పలకల కింది అంచులకి తారు పూయించండి, మిగతా చెక్కకి ప్రైమరు, ఎనామిల్ రెండు చేతులు. తుపాను వస్తుందంటే టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టండి, కానీ పక్కలు కాస్త తెరిచి ఉంచండి, లేకపోతే లోపల ఆవిరి పట్టి ప్లై ఉబ్బుతుంది. వెనక సన్న కన్ను జాలీ కొట్టించండి. చీకటిగా, పొడిగా ఉన్న చోటుకి వానాకాలం పాములు, తేళ్లు రాకుండా ఉండవు. నెలకోసారి నలుగురు పట్టి ముందుకి జరిపి ఊడ్చండి.

ప్రశ్న: మాకు ఒంగోలులో సొంత ఇల్లు ఉంది. ఎటూ కట్టడం పని నడుస్తోంది, మేస్త్రి ఉన్నాడు. చెక్క గొడవ లేకుండా సిమెంటుతోనే ర్యాంపు పోయించేస్తే శాశ్వతంగా ఉంటుంది కదా? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: శాశ్వతంగా ఉంటుంది, తప్పు వస్తే అదీ శాశ్వతంగానే ఉంటుంది. గోడలు, గచ్చులు చక్కగా తీర్చే మేస్త్రికి కూడా వంపు తీర్చడం కొత్త పని. చెక్కలో ఒక స్క్రూ విప్పి సరిచేసుకోవచ్చు, సిమెంటుకి సుత్తే దిక్కు. అయినా చేయించాలనుకుంటే ముందు పైన చెప్పిన ఆరడుగుల రీపరుతో ఒక ప్లై పలక కోయించి, మేస్త్రి చేతికి అచ్చులాగా ఇవ్వండి. ప్రతి అడుగుకీ ఆ అచ్చు ఆనించి చూస్తూ తీర్చమనండి. పిల్లలు ఒక ఏడాది చెక్క మీద ఆడి, ఎక్కడ ఏ ఎత్తు కావాలో వాళ్లే చెప్పేదాకా ఆగితే ఇంకా మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. సాయంత్రాలు ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి స్కేటింగ్ చేస్తాం. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి ముక్కలు మా దగ్గర ఊరికే పడి ఉంటాయి, ఓనరు తీసుకోమన్నారు. ర్యాంపు పైన చెక్కకి బదులు ఆ రాయి వేయొచ్చా? – 22 ఏళ్ల యువకుడు

జవాబు: ర్యాంపుకి వద్దు బాబూ. రాయి వంగదు, ముక్కలుగా అతికిస్తే ప్రతి అతుకూ ఒక మడత. పైగా పాలిష్ చేసిన రాయి మీద మీ ఫ్యాక్టరీ దుమ్ము పడితే చక్రం పట్టదు.

కానీ నీ దగ్గర ఉన్నది మామూలు వస్తువు కాదు. బోర్డు కింద ఇనప ఇరుసులుంటాయి కదా, వాటితో గట్టు అంచు మీద జారుతూ పోవడం ఈ ఆటలో సగం. అలాంటి గట్టుకి నున్నటి రాతి అంచుని మించింది లేదు. పెద్ద ఊళ్లలో పిల్లలు ఆఫీసుల ముందు రాతి అరుగుల కోసం వెతుక్కుంటూ తిరిగి వాచ్‌మన్‌లతో చీవాట్లు తింటుంటారు. నీ ఇంటి ముందు నీ సొంత గట్టు పెట్టుకోవచ్చు.

పలకలు వద్దు, 20 ఎం.ఎం. పలక అంచు ఇనప దెబ్బకి పెచ్చులూడుతుంది. రెండు మూడంగుళాల మందం ఉన్న కోత ముక్క, నాలుగైదు అడుగుల పొడవుది చూసుకో. ఇటుకతో కట్టిన అరుగు మీద సిమెంటు మాల్ పరిచి రాయి కూర్చోబెట్టు, మొత్తం ఎత్తు అడుగు లోపే ఉండాలి. పై అంచు పదునుగా ఉంటే ఇరుసు కొరుక్కుంటుంది, మీ మెషీన్ మీదే రెండు నూళ్లు గుండ్రంగా తీయించు. ఆడే ముందు అంచుకి కొవ్వొత్తి రుద్దితే జారుడు వస్తుంది. రోహిణి కార్తెలో మాత్రం సూర్యాస్తమయం దాకా ఆగాలి. నల్లరాయి ఆ ఎండకి చెయ్యి పెట్టనివ్వదు, పడితే ఒళ్లు కాలుతుంది. ఎత్తేటప్పుడు ఇద్దరు చాలరు, నలుగురు పట్టండి. ఆ ముక్కల బరువు నీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను కందుకూరులో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా అన్న బోర్డు మీద నేర్చుకున్నాను. మాది అద్దె ఇల్లు, వాకిట్లో ర్యాంపు ఉంచడానికి ఓనరు ఒప్పుకోరు. ఆడపిల్లకి ఈ ఆట ఎందుకని మా నానమ్మ రోజూ అంటుంది. నేను ఒక్కదాన్నే ఎత్తి ఇంట్లో దాచుకోగలిగేంత చిన్నది ఏదైనా చేయొచ్చా? – ఒక విద్యార్థిని

జవాబు: చేయొచ్చు తల్లీ. ముందు మీ నానమ్మ గారికి ఒక సంగతి చదివి వినిపించు. స్కేట్‌బోర్డింగ్ ఒలింపిక్స్‌లోకి మొదటిసారి వచ్చింది టోక్యోలో, 2021లో. మహిళల స్ట్రీట్ పోటీలో బంగారు పతకం జపాన్ అమ్మాయి మొమిజి నిషియాది, వెండి బ్రెజిల్ అమ్మాయి రైసా లియాల్‌ది. ఇద్దరికీ అప్పుడు 13 ఏళ్లే. అంత దూరం ఎందుకు, మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లెలో 2015లో స్కేట్ పార్కు కట్టారు. అక్కడ రెండే నియమాలు పెట్టారు, బడికి పోకపోతే బోర్డు లేదు, ముందు ఆడపిల్లలకి. మీ నానమ్మ గారికి మొదటి నియమం నచ్చుతుందని నా నమ్మకం.

నీకు కావలసింది తిన్నె లేని చిన్న ఎక్కుడు ర్యాంపు. నెల్లూరు అమ్మకి చెప్పిన ఆరడుగుల వంపే గీసుకో, కానీ మూడడుగుల దగ్గర ఆపెయ్యి. అక్కడ ఎత్తు 9 అంగుళాల 5 నూళ్లు వస్తుంది. వెడల్పు రెండడుగులు. పక్క పలకలు 12 ఎం.ఎం. చాలు. పట్టెలు నాలుగు, పైన 6 ఎం.ఎం. రెండు పొరలు, మొదట్లో రేకు తప్పనిసరి, అయితే నీకు రెండడుగుల ముక్కే పడుతుంది. మంచం కింద దూరిపోతుంది.

ఇంత తేలికైనది వేగంగా ఎక్కినప్పుడు వెనక్కి జారుతుంది. పక్క పలకల కింది అంచులకి పాత సైకిలు టైరు పట్టీలు కొట్టించు. పట్టెలకీ ప్లైకీ మధ్య సైకిలు ట్యూబు ముక్కలు పెడితే డప్పులాగా మోగదు, మధ్యాహ్నం ఓనరు గారి నిద్రకీ ఇబ్బంది ఉండదు.

పట్టుకోవడానికి వెనక పలక పై భాగంలో అయిదంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు రంధ్రం కోయించు, లోపలి అంచులు ఉప్పుకాగితంతో బాగా రుద్దు. బరువు ఎక్కువనిపిస్తే ఒక పక్క కింద రెండు చిన్న చక్రాలు వేయించు, సూట్‌కేసులాగా లాక్కుపోవచ్చు. అవి నేలకి తగలకుండా అర అంగుళం పైన ఉండాలి, ఒరిగించినప్పుడే ఆనాలి.